చట్టం పుట్టిన తేదీ చూస్తుంది, మెకానిక్ నాడి చూస్తాడు

2025 జూలై 1న దేశ రాజధానిలోని పెట్రోలు బంకుల్లో కెమెరాలు నంబరు ప్లేట్లను చదవడం మొదలుపెట్టాయి. పదేళ్లు దాటిన డీజిల్ బండి, పదిహేనేళ్లు దాటిన పెట్రోలు బండి కనిపిస్తే ఇంధనం పోయకూడదన్నది ఆనాటి ఆదేశం. ప్రజల ఆగ్రహానికి వెరచి వారం తిరిగేసరికి ఆ ఆదేశం వాయిదా పడింది. ఆ తర్వాత వ్యవహారం సుప్రీంకోర్టుకు చేరింది. ఆ వారం రోజుల వాదోపవాదాల్లో ఒక చిన్న విషయాన్ని మాత్రం ఎవరూ పట్టించుకోలేదు. ప్రభుత్వం తన పరికరాన్ని బండి ముందున్న నంబరు ప్లేటు మీదికి గురిపెట్టింది. పొగ వచ్చేది వెనకున్న గొట్టంలోంచి.

కాలుష్యాన్ని అరికట్టే పేరుతో సాగుతున్న విధానమంతటికీ ఆ దృశ్యమే అద్దం. యంత్రం ఎలా ఉందన్నది కొలిచి తెలుసుకోవలసిన విషయం. అది ఎప్పుడు పుట్టిందన్నది కాగితంలో చదివితే సరిపోతుంది. కొలవడం కష్టం, చదవడం సులువు. పాలనా యంత్రాంగం సులువైన దారినే ఎంచుకుంది. ఈ ఎంపికలోని లోపం ఎంతటిదో తెలియాలంటే సచివాలయాల దస్త్రాలను కాసేపు పక్కనబెట్టి, నలభయ్యేళ్ల నాటి ఒక స్పోర్ట్స్ కారు బోనెట్ ఎత్తి చూడాలి.

ఆ కారు పేరు పోర్షే 944. 1982 నుంచి 1991 వరకు జర్మనీలో తయారైంది. లక్షా అరవై వేలకు పైగా కార్లు రోడ్డెక్కాయి. ఇంజను సామర్థ్యం రెండున్నర లీటర్లు, సిలిండర్లు నాలుగు. అప్పటికి కొత్త సంగతి ఏమిటంటే, ఎంత పెట్రోలు చిమ్మాలో, ఏ క్షణంలో నిప్పురవ్వ రాజెయ్యాలో నిర్ణయించే పని ఒక ఎలక్ట్రానిక్ పెట్టె చేతికి వెళ్లింది. బాష్ కంపెనీ రూపొందించిన మోట్రానిక్ వ్యవస్థ అది. ఆ పెట్టెకు సొంత కళ్లు లేవు. ఇంజను ఎంత వేగంగా తిరుగుతోందో, పిస్టన్లు ఏ స్థానంలో ఉన్నాయో దానికి ఎవరో ఒకరు చెప్పాలి. ఆ పని చేసేవి బొటనవేలంత రెండు సెన్సర్లు.

ఇంజను వెనక భాగంలో, ఫ్లైవీల్‌ను కప్పి ఉంచే గూడు మీద ఒక బ్రాకెట్‌కు ఈ రెండూ పక్కపక్కన బిగించి ఉంటాయి. ఒక్కొక్కదాని లోపల అయస్కాంతం, దాని చుట్టూ తీగచుట్ట. మొదటి సెన్సర్ ఫ్లైవీల్ అంచున ఉండే 132 పళ్లను లెక్కిస్తుంది. ఒక్కొక్క పన్ను ముందునుంచి సాగిపోయినప్పుడల్లా తీగచుట్టలో చిన్న విద్యుత్ తరంగం పుడుతుంది. దాన్నిబట్టి వేగం తెలుస్తుంది. రెండోది ఫ్లైవీల్‌లో బిగించిన ఒకే ఒక్క మేకు కోసం కాచుకుని ఉంటుంది. చుట్టుకొకసారి ఆ మేకు ఎదురుపడగానే స్థానం తెలుస్తుంది. ఈ రెండు కబుర్లూ అందితేనే పెట్టె పని మొదలుపెడుతుంది. ఏ ఒక్కటి అందకపోయినా నిప్పురవ్వ ఉండదు, పెట్రోలు ఉండదు. తాళం తిప్పితే స్టార్టర్ మోటారు గిర్రున తిరుగుతుందే గాని ఇంజను ప్రాణం పోసుకోదు.

సెన్సర్ కొనకూ ఫ్లైవీల్‌కూ మధ్య ఉండవలసిన ఎడం 0.8 మిల్లీమీటరు. అటూ ఇటూ 0.3 వరకు చెల్లుతుంది. ఎడం పెరిగితే తరంగం బలహీనపడి కబురు అందదు. మరీ తగ్గితే తిరిగే ఫ్లైవీల్ సెన్సర్ కొనను గీరేస్తుంది. గోరంత ఎడం మీద కొండంత యంత్రం ఆధారపడిన తీరు అది. కొత్త సెన్సర్ తెచ్చి గూట్లో దించితే పని పూర్తయినట్టు కాదు. బ్రాకెట్‌ను జరిపి ఆ ఎడాన్ని సరిచేయాలి. అక్కడికి చెయ్యి దూరదు. ఇంజనుకూ దాని వెనకున్న ఇనుపగోడకూ మధ్య చీకటి సందులో, కనిపించని చోట కొలత తీయాలి. అందుకు మెకానిక్‌లు ఒక ఉపాయం కనిపెట్టారు. 0.8 మిల్లీమీటరు మందమున్న వాషర్‌ను పాత సెన్సర్ కొనకు అతికిస్తారు. అది ఫ్లైవీల్‌ను తాకేదాకా దించి బ్రాకెట్‌ను బిగిస్తారు. తర్వాత సెన్సర్ బయటకు తీసి, వాషర్ ఊడబెరికి, కొత్తదాన్ని ఆ స్థానంలో కూర్చోబెడతారు. కొలిచే పరికరం పోలేని చోటికి వాషర్ వెళ్లి వస్తుంది.

మిగతా పనంతా ఓర్పుకు సంబంధించినది. ఇంజను వేడికి నలభయ్యేళ్లుగా ఎండిన ప్లాస్టిక్ కనెక్టర్లు ముట్టుకుంటేనే పొడిపొడి అవుతాయి. సెన్సర్ గూట్లో బిగుసుకుపోయి ఉంటుంది, బలవంతంగా లాగితే సగం విరిగి లోపలే ఉండిపోతుంది. రెండు సెన్సర్లూ చూడటానికి ఒకేలా ఉంటాయి కాబట్టి కనెక్టర్లను తారుమారు చేస్తే బండి కదలదు. తప్పు ఎక్కడుందో కనిపెట్టే విధానం మాత్రం చాలా తేలిక. స్టార్టర్ తిరుగుతున్నప్పుడు డాష్‌బోర్డులో ఇంజను వేగం చూపే ముల్లు కొద్దిగా కదిలితే వేగం సెన్సర్ పనిచేస్తున్నట్టు లెక్క. ముల్లు చలించకపోతే ముందు అనుమానించవలసింది దాన్నే. ఆపైన తీగచుట్ట నిరోధం కొలవడానికి ఏ వీధిలోనైనా దొరికే మల్టీమీటర్ చాలు. కంపెనీ అనుమతి అక్కరలేదు, సంకేతపదం అక్కరలేదు, ఇంటర్నెట్ అక్కరలేదు.

ఈ రెండు సెన్సర్లూ చెడితే బండి ఆగిపోతుంది. ఆగిన బండి ఎవరికీ హాని చేయదు. రాజకీయంగా ఆలోచించవలసినవి ఇంకో రెండు ఉన్నాయి. ఇంజను చల్లదనాన్ని కాచుకునే నీటి ఉష్ణోగ్రత సెన్సర్ ఒకటి, పొగగొట్టంలో మిగిలిన ప్రాణవాయువును కొలిచే ఆక్సిజన్ సెన్సర్ మరొకటి. ఇవి చెడినా బండి నడుస్తూనే ఉంటుంది. ఇంజను వేడెక్కినా ఇంకా చల్లగానే ఉందని మొదటిది అబద్ధం చెబితే, పెట్టె అవసరానికి మించి పెట్రోలు చిమ్ముతుంది. రెండోది మొద్దుబారితే ఆ అతిని సరిదిద్దే దిక్కుండదు. సగం కాలిన ఇంధనం కార్బన్ మోనాక్సైడ్‌గా, హైడ్రోకార్బన్లుగా బయటకు వస్తుంది. పొగను శుద్ధిచేసే కెటలిటిక్ కన్వర్టర్ ఆ భారానికి కాలిపోతుంది. ఆక్సిజన్ సెన్సర్ ఆరోగ్యంగా ఉంటే దాని వోల్టేజి 0.1కూ 0.9కూ మధ్య నిమిషానికి ఎన్నోసార్లు పైకీ కిందికీ ఊగుతుంది. అది ఒకచోటే నిలిచిపోయిందంటే జబ్బు చేసినట్టు. మల్టీమీటర్ ముల్లు చూసి మెకానిక్ పట్టే నాడి ఇదే.

ఒకే ఏడాది, ఒకే నెల పుట్టిన రెండు కార్లను పక్కపక్కన నిలబెడితే చిత్రం స్పష్టమవుతుంది. ఒకదాని సెన్సర్లు సమయానికి మార్చి సరిచేశారు, మరొకదానివి చేయలేదు. పొగలో ఈ రెంటికీ పోలికే ఉండదు. నంబరు ప్లేటు చదివే కెమెరాకు మాత్రం ఇవి రెండూ ఒకటే.

ఖరీదైన స్పోర్ట్స్ కార్ల ముచ్చట్లు సంపన్నుల సరదాలని, వాటితో ప్రజా విధానాలకు పనేమిటని ప్రశ్నించవచ్చు. అయితే ఇందులో వర్ణించిన సూత్రం పోర్షే సొత్తు కాదు. భారతదేశంలో ఇంధనం చిమ్మే పద్ధతికి మారిన ప్రతి మారుతి కారులోనూ, ఇవాళ అమ్ముడవుతున్న చాలా పెట్రోలు మోటార్ సైకిళ్లలోనూ ఇంజను తిరుగుడును గమనించే సెన్సర్ ఉంటుంది, పొగను గమనించే సెన్సర్ ఉంటుంది. ఢిల్లీ కశ్మీరీ గేట్ అంగళ్లలోనైనా, విజయవాడ ఆటోనగర్ షెడ్లలోనైనా వేలమంది బతుకుతెరువు వీటిని మార్చడం మీద, సరిచేయడం మీద నిలబడి ఉంది. సెకండ్ హ్యాండ్ కారు కొనేది మధ్యతరగతి. దాన్ని పదిహేనో ఏట తుక్కు కింద వదులుకోవలసి వచ్చేదీ వాళ్లే. మూడేళ్లకొకసారి కొత్త కారు మార్చే సంపన్నుడికి ఈ నియమం ఎన్నడూ అడ్డురాదు.

వయసు నియమం ఎలా పుట్టిందో చూడాలి. 2014 నవంబరులో జాతీయ హరిత ట్రైబ్యునల్ పదిహేనేళ్లు దాటిన వాహనాలు ఢిల్లీలో తిరగరాదంది. 2015 ఏప్రిల్‌లో పదేళ్లు దాటిన డీజిల్ వాహనాలకు అడ్డుకట్ట వేసింది. 2018 అక్టోబరులో సుప్రీంకోర్టు ఆ ఆంక్షలను ఖాయం చేసింది. అప్పటి రాజధాని గాలి పరిస్థితి తలచుకుంటే న్యాయస్థానాల ఆతురత అర్థం చేసుకోదగినదే. ఆ తర్వాత 2021లో కేంద్రం తుక్కు విధానం తెచ్చింది. అందులో వివేకం ఉంది. సొంత వాహనాలకు ఇరవయ్యేళ్లకు, వాణిజ్య వాహనాలకు పదిహేనేళ్లకు యంత్రాలతో ఫిట్‌నెస్ పరీక్ష పెట్టి, విఫలమైనవాటినే తుక్కుకు పంపాలన్నది దాని ఆశయం. వయసు ఒక హెచ్చరిక గంట, తీర్పు పరీక్షది. రాజధాని ప్రాంతంలో మాత్రం గంటే తీర్పయి కూర్చుంది.

2025 ఆగస్టు 12న సుప్రీంకోర్టు వయసు ఒక్కదాన్నే కారణంగా చూపి యజమానుల మీద కఠిన చర్యలు తీసుకోవద్దంది. డిసెంబరులో ఆ రక్షణను బీఎస్-4, ఆపై ప్రమాణాల వాహనాలకే పరిమితం చేసింది. ఈ సవరణను వెనకడుగుగా చూసినవారున్నారు. నిజానికి అది సగం ముందడుగు. క్యాలెండరు స్థానంలో ఉద్గార ప్రమాణం వచ్చింది. మిగిలిన సగం అడుగు ఏమిటంటే, బండి ఏ ప్రమాణం కింద పుట్టిందన్న ప్రశ్న నుంచి ఇవాళ ఏ ప్రమాణాన్ని పాటిస్తోందన్న ప్రశ్నకు రావడం. బీఎస్ సంఖ్య కూడా చివరికి మారువేషంలోని పుట్టిన తేదీయే.

ఎదుటి వాదనలో బలముంది, దాన్ని దాటవేయడం కుదరదు. ఎంత చక్కగా సెన్సర్లు సరిచేసినా పాత ఇంజను తన పుట్టుక పరిమితిని దాటలేదు. బీఎస్-4 డీజిల్ కారుకు కిలోమీటరుకు 0.25 గ్రాముల నైట్రోజన్ ఆక్సైడ్లు అనుమతిస్తే, బీఎస్-6 దాన్ని 0.08కి దించింది. సూక్ష్మ ధూళి పరిమితి 0.025 నుంచి 0.0045 గ్రాములకు తగ్గింది. ఏ మెకానిక్ నైపుణ్యమూ పూడ్చలేని అగాధం అది. పాత డీజిల్ బండ్ల విషయంలో కాఠిన్యానికి అర్థముంది. పెట్రోలు దగ్గరికి వచ్చేసరికి లెక్క మారుతుంది. బీఎస్-4లో 0.08 ఉన్న నైట్రోజన్ ఆక్సైడ్ల పరిమితి బీఎస్-6లో 0.06. అంత చిన్న తేడాను సెన్సర్ చెడిన కొత్త బండి ఇట్టే మింగేస్తుంది. ఈ రెండు ఇంధనాల మధ్య ఉన్న అంతరాన్ని గుర్తించని నియమం, ఇంట్లో ఎలుకలున్నాయని ఇంటికే నిప్పు పెట్టినట్టుంటుంది.

కొత్తదనమే శుభ్రతకు హామీ అనుకోవడానికీ వీల్లేదు. 2015 సెప్టెంబరులో బయటపడిన ఫోక్స్‌వ్యాగన్ కుంభకోణంలో ప్రపంచవ్యాప్తంగా కోటీ పది లక్షల డీజిల్ కార్లు పరీక్షాగారంలో ఒకలా, రోడ్డు మీద మరొకలా పొగ వదిలాయి. అవన్నీ కాగితాల ప్రకారం పచ్చగా మెరిసిన బండ్లే. అక్కడ సెన్సర్లు చెడలేదు. పరీక్ష జరుగుతోందని పసిగట్టేందుకు వాటినే సాఫ్ట్‌వేర్ వాడుకుంది. పాత బండి సెన్సర్ చెడి అబద్ధం చెబుతుంది, ఈ కొత్త బండి కుదురుగా ఉండి అబద్ధమాడింది. రెంటినీ పట్టుకునే మార్గం పొగను స్వతంత్రంగా కొలవడమే. భారతదేశంలో పీయూసీ పరీక్ష పెట్రోలు బండ్లలో కార్బన్ మోనాక్సైడ్‌ను, హైడ్రోకార్బన్లను చూస్తుంది. డీజిల్ బండ్లలో పొగ సాంద్రతను చూస్తుంది. ఊపిరితిత్తులకు చేటు చేసే నైట్రోజన్ ఆక్సైడ్ల జోలికే పోదు. బంకుల దగ్గర కెమెరాలు పెట్టగలిగిన రాజ్యం, రోడ్డుకు అడ్డంగా కాంతికిరణం ప్రసరించి సాగిపోయే బండి పొగను కొలిచే రిమోట్ సెన్సింగ్ పరికరాలను విస్తృతంగా పెట్టలేకపోవడం సాంకేతిక అసాధ్యత కాదు.

జర్మనీ ఏం చేస్తోందో గమనిస్తే మరో దారి కనిపిస్తుంది. అక్కడ కార్లు సాధారణంగా రెండేళ్లకొకసారి సాంకేతిక పరీక్షకు నిలబడాలి. ముప్పయ్యేళ్లు నిండి, అసలు రూపంలో చక్కగా ఉందని నిపుణుడు ధ్రువీకరించిన కారుకు హెచ్ అక్షరంతో ముగిసే నంబరు ప్లేటు ఇస్తారు. 1997 నుంచి అమల్లో ఉన్న పద్ధతి ఇది. అలాంటి కారుకు ఏడాదికి సుమారు 191 యూరోల స్థిర పన్ను, తక్కువ ఉద్గార మండలాల ఆంక్షల నుంచి మినహాయింపు. సెన్సర్లు సరిగా ఉన్న 944 అక్కడ వారసత్వ సంపద. భారతదేశంలోనూ 2021లో వింటేజ్ వాహనాల నిబంధనలు వచ్చాయి. యాభయ్యేళ్లు దాటి, మార్పులు చేయని వాహనానికి ప్రత్యేక రిజిస్ట్రేషన్ ఇస్తారు. ఇక్కడే విడ్డూరం ఉంది. రాజధానిలో పాత ప్రమాణాల పెట్రోలు కారు పదిహేనో ఏట చచ్చిపోతుంది, యాభయ్యో ఏట గౌరవనీయమవుతుంది. మధ్యనున్న ముప్పయ్యయిదేళ్లు దాన్ని ఎవరు, ఎక్కడ, ఏ చట్టం నీడన కాపాడాలో ఏ నిబంధనా చెప్పదు. మిగతా దేశంలో రిజిస్ట్రేషన్‌ను పునరుద్ధరించుకోవచ్చు, కాని రుసుము కారుకు 2022లో 600 రూపాయల నుంచి 5,000కు పెరిగింది. 2025లో ఇరవయ్యేళ్లు దాటినవాటికి 10,000 అయింది. బాగా చూసుకున్నవాడూ, గాలికొదిలేసినవాడూ చెల్లించే మొత్తం ఒక్కటే.

ఇంతకన్నా పెద్ద ప్రమాదం రేపటి పాత కార్ల రూపంలో పొంచి ఉంది. 944 యజమాని ఒక వాషర్‌తో చేసుకున్న పని ఇవాళ్టి కొత్త కారులో చేయలేడు. అనేక భాగాలను మార్చాక కంప్యూటర్‌కు కొత్త భాగాన్ని పరిచయం చేయాలి. అద్దం మార్చినా దాని వెనకున్న కెమెరాను తిరిగి గురి కుదర్చాలి. ఆ సాఫ్ట్‌వేర్ కంపెనీ గుప్పిట్లో ఉంటుంది. 2014 ఆగస్టు 25న కాంపిటీషన్ కమిషన్ 14 కార్ల కంపెనీలకు సుమారు 2,545 కోట్ల రూపాయల జరిమానా విధించింది ఈ కారణంగానే. విడిభాగాలను, లోపాలు కనిపెట్టే పరికరాలను, సాంకేతిక పుస్తకాలను స్వతంత్ర మెకానిక్‌లకు అందనివ్వలేదని తేల్చింది. జరిమానా సంగతి అప్పీళ్లలో చిక్కుకుంది. 2022 జూలైలో మరమ్మతు హక్కుపై కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ కమిటీ వేసింది. ఆ డిసెంబరులో పోర్టల్ వచ్చింది. వాహనాలు అందులో ఒక రంగం. చట్టం ఇచ్చే హక్కు మాత్రం రాలేదు. అమెరికాలోని మసాచుసెట్స్ రాష్ట్ర ఓటర్లు 2012లోనే బ్యాలెట్ ద్వారా ఈ హక్కును చట్టం చేసుకున్నారు. 2020లో దాదాపు నాలుగింట మూడు వంతుల మంది మళ్లీ ఓటేసి, బండి వైర్‌లెస్‌గా పంపే సమాచారానికీ దాన్ని విస్తరించారు. మరమ్మతు అక్కడ ఎన్నికల అంశం. ఇక్కడ అది ఎన్నికల అంశం కాలేదు.

ఈ రెండు విధానాలనూ కలిపి చదివితే అసలు బొమ్మ కనబడుతుంది. ఒకవైపు బండిని బాగుచేసుకునే దారులు మూసుకుపోతుంటే రాజ్యం చూస్తూ ఊరుకుంటోంది. మరోవైపు బాగోలేదన్న సాకుతో అదే బండిని లాక్కునే అధికారం అట్టిపెట్టుకుంటోంది. నష్టం రెండు చోట్లా ఒకే మనిషికి. లాభం రెండు చోట్లా కొత్త బండి అమ్మేవాడికి.

చేయవలసినవి కష్టమైనవేమీ కావు. వయసును పరీక్షకు పిలుపుగా ఉంచాలి, శిక్షగా మార్చకూడదు. పరీక్షలో నైట్రోజన్ ఆక్సైడ్లను, ధూళిని చేర్చాలి. విఫలమైన బండికి మరమ్మతుకు గడువిచ్చి మళ్లీ పరీక్షించాలి, రెండోసారీ నెగ్గకపోతే నిర్దాక్షిణ్యంగా తుక్కుకు పంపాలి. రుసుమును పొగతో ముడిపెట్టాలి. ఉద్గారాలతో సంబంధమున్న సెన్సర్లను, వాటి కొలతలను, వాటిని బండికి పరిచయం చేసే సాఫ్ట్‌వేర్‌ను స్వతంత్ర మెకానిక్‌లకు సరసమైన ధరకు అందించే బాధ్యతను చట్టంలో కంపెనీల నెత్తిన పెట్టాలి. పదిహేను, యాభై సంవత్సరాల మధ్య చిక్కుకున్న వాహనాలకు ఒక చట్టబద్ధమైన హోదా ఇవ్వాలి.

ఢిల్లీ గాలి బాగుపడాలన్నది నిర్వివాదం. అందుకు ఎవరి బండి పోవాలో నిర్ణయించే ముందు ఆ బండి ఏం వదులుతోందో తెలుసుకోవడం రాజ్యం కనీస ధర్మం. ఒక సెన్సర్ మార్చి, 0.8 మిల్లీమీటరు ఎడం సరిచేస్తే తిరిగి లేచి నడిచే యంత్రం ఇక పనికిరాదని, దాన్ని తాకి కూడా చూడకుండా ప్రకటించడం పాలన అనిపించుకోదు.